పోలీసు శాఖలో జీవితమంతా పనిచేసిన మా మామగారి గురించి పెద్దకర్మ రోజున ఏం మాట్లాడాలి?

"క్రమశిక్షణ, నిజాయితీ తప్ప మరేమీ తోచడం లేదు" అని రాశారు. మా నాన్నగారు పోయినప్పుడు నాకూ అంతే. ముందు మీ మామగారితో స్టేషన్లో పనిచేసినవాళ్లను కలవండి. ఇంట్లోవాళ్లకు తెలిసింది సగమే.

నాన్నగారు 1976లో కృష్ణా జిల్లాలో కానిస్టేబుల్‌గా చేరి, 2012లో ఏఎస్‌ఐగా రిటైరయ్యారు. ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గా పనిచేశారు. ఫిర్యాదులు, జనరల్ డైరీ, కోర్టుకు వెళ్లే కాగితాలు అన్నీ రైటర్ చేతిమీదుగానే నడుస్తాయి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసి, చెప్పినవాళ్లకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ చెప్పేది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. తొందరలో చాలామంది గబగబా చదివేస్తారు. నాన్నగారు మాత్రం చదువురాని మనిషి ఎదురుగా ఉంటే వాక్యం వాక్యానికీ ఆగి, "నువ్వు చెప్పింది ఇదేనా తల్లీ?" అని అడిగేవారు.

ఇంట్లోనూ అదే అలవాటు. నాయనమ్మ చెబుతుంటే మేనత్తకు ఉత్తరం రాసి, అంటించే ముందు మొత్తం చదివి వినిపించేవారు, ఆవిడ అల్లుడిని తిట్టిన తిట్లతో సహా.

పండుగలకు ఆయన ఇంట్లో ఉండటం అరుదు. సంక్రాంతికి కోడిపందేల బందోబస్తు, కృష్ణా పుష్కరాలకు పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గరే. మా ఇంట్లో బూరెలు వండేది ముక్కనుమ దాటాకే. పిల్లలం ఎంత సణిగినా, ఆయన లేకుండా అమ్మ పొయ్యిమీద మూకుడు పెట్టేది కాదు.

ఇవన్నీ నాకు తెలిసినవే. తెలియనిది ఆయన బ్యాచ్‌లోని ఒక పెద్దాయన చెప్పారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాన్నగారికి సర్వీసు నిండా రెండేళ్లు కూడా లేదు. నాగాయలంక వైపు శవాలు తీసే పనికి వేశారట. గుర్తుపట్టేవాళ్లు వచ్చేదాకా ఉంచే వీలు లేక సామూహికంగా దహనం చేస్తుంటే, నాన్నగారు అంతకుముందే ఒక్కొక్కరి పచ్చబొట్టు, చీర అంచు, చెవి కమ్మ చూసి నోటుపుస్తకంలో రాసుకునేవారట. ఆ తర్వాత తమవాళ్లను వెతుక్కుంటూ వచ్చినవారికి అది చదివి వినిపించేవారట. దివిసీమలో పనిచేశానని ఇంట్లో అనేవారే గానీ, ఈ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. పెద్దకర్మ రోజున నేను చెప్పింది ఇదొక్కటే.

మీ మామగారి బ్యాచ్‌వాళ్లకు ఇప్పుడు వయసు మీదపడి ఉంటుంది, ఫోను చేయడం కంటే ఇంటికి వెళ్లి కూర్చోవడం నయం. ఏయే స్టేషన్లలో చేశారు, రైటరా, కోర్టు డ్యూటీనా, ట్రాఫిక్కా అని అడగండి, మిగతాది వాళ్లే అందుకుంటారు. పతకాలు, రివార్డులు సర్వీసు రిజిస్టరులో ఎలాగూ ఉంటాయి, వాటిని చివర్లో చదివితే చాలు. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆవిడ కూడా వినాలి.