పట్టుచీర ఫొటోతో ఎడిటర్ థీమ్: ఏ రంగు దేనికి?

కోడ్ ఎడిటర్‌కి రంగుల థీమ్ చేద్దామని బరంపురం పట్టుచీర ఫొటో మీద కె-మీన్స్ (దగ్గరి రంగుల పిక్సెళ్లను గుంపులుగా, అంటే క్లస్టర్లుగా, విడగొట్టే పద్ధతి) నడిపితే మీకు 16 రంగులొచ్చాయి, సగం మెరూనే. కోడ్‌లో కీవర్డ్‌కి (if, for లాంటి మాటలు) ఏది, స్ట్రింగ్‌కి (కోట్స్ మధ్య రాసే పాఠం) ఏది అని కదా మీ ప్రశ్న.

సగం మెరూన్ రావడం మడతల నీడల పుణ్యం. ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ల లెక్క) రంగుల మధ్య దూరం కొలిస్తే ఎండ పడ్డ మెరూన్ ఒక గుంపు, నీడలోది ఇంకో గుంపు అయిపోతాయి. పిక్సెళ్లను ఓకేల్యాబ్‌లోకి (వెలుగునూ ఛాయనూ విడిగా చూపే రంగుల లెక్క) మార్చి, వెలుగు అక్షానికి బరువు తగ్గించి మళ్లీ నడపండి. దాదాపు ఒకేలా ఉన్న పిక్సెళ్లలో ఒక్కోటే ఉంచుకుంటే, కొంచెమే ఉన్న జరీ పసుపు, అంచు ఆకుపచ్చ కూడా పైకి తేలతాయి.

ఇక పంపకం. క్లస్టరింగ్ రంగుల్ని ఏరుతుందే గానీ ఏది దేనికో చెప్పదు. బేస్16 పద్ధతిలో (థీమ్‌ని 16 రంగుల గళ్లుగా అమర్చే ఒరవడి) మొదటి 8 గళ్లు నేపథ్యం నుంచి అక్షరాల దాకా వెలుగు మెట్లు. వాటికి క్లస్టర్లు అక్కర్లేదు, ముదురు మెరూన్‌నే క్రమంగా లేత చేసుకుంటూ పోండి. మిగతా 8లో స్ట్రింగ్‌లకు ఆకుపచ్చ, ఫంక్షన్లకు నీలం, కీవర్డ్‌లకు ఊదా అనేది వాడుక. ఈ 8 రంగులకూ మీ క్లస్టర్ కేంద్రాలకూ (ఒక్కో గుంపు సగటు రంగు) మధ్య దూరాల పట్టిక వేసి హంగేరియన్ అల్గారిథమ్‌కి ఇవ్వండి. మొత్తం దూరం అతి తక్కువయ్యే జతలు దొరుకుతాయి. దగ్గరున్నది లాక్కుంటూ ఒక్కొక్కటే పంచితే చివరివాటికి తాలూ తప్పా మిగులుతుంది.

చీరలో నీలం లేకపోతే బలవంతంగా తేవద్దు. ఫంక్షన్లు గులాబీలో ఉన్నా కొంప మునగదు. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా నిష్పత్తి) మాత్రం 4.5:1 కంటే తగ్గితే, ఛాయ అలాగే ఉంచి వెలుగు పెంచండి. మెరూన్ నేపథ్యం మీద ఎర్రర్ గీత ఎర్రగా ఉంటే కనబడదు, దానికి జరీ పసుపు ఇచ్చేయండి.