కొత్త ఫీచర్ మీ షాపులో పెట్టుకోవచ్చా? చేతిపని అమ్మేవాళ్ళ ప్రశ్నలు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. మా అమ్మ, అత్తయ్య, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు అల్లిన లేసు డాయిలీలు (గిన్నెల కింద, పూలకూజాల కింద వేసే చిన్న అల్లిక గుడ్డలు), టేబుల్ క్లాత్‌లు రెండేళ్ళుగా ఒక హ్యాండ్‌మేడ్ సైట్‌లో అమ్ముతున్నాను. పోయిన వారం నా షాపు పేజీలో, ప్రయోగ దశలో ఉన్న ఫీచర్లు ముందుగా వాడి చూస్తారా అని అడిగారు. ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ అదే తీసేస్తుందట, వివరణ అదే రాస్తుందట, వస్తువుని ఇష్టాల్లో పెట్టుకుని కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళకి డిస్కౌంట్ కూడా అదే పంపుతుందట. మా ఆయన "ఊరికే వస్తుంటే వాడుకో" అంటున్నారు. నాకు వచ్చేదే నెలకి ఏడెనిమిది ఆర్డర్లు, అవి కూడా పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోండి, కానీ మూడూ ఒకేసారి వద్దు, షాపు మొత్తానికీ వద్దు. బాగా అమ్ముడుపోయే డాయిలీ సెట్ జోలికి అసలు వెళ్ళకండి. ఆర్నెల్లుగా కదలకుండా ఉన్న వస్తువు ఏదో ఒకటి ఉంటుంది కదా, దాని మీద వాడి చూడండి. నొక్కేముందు దాని పాత ఫొటోలు, పాత వివరణ ఫోన్‌లో విడిగా దాచుకోండి, ఎందుకంటే ఫీచర్ ఆపేసినంత మాత్రాన పాతవి వాటంతటవే తిరిగి వస్తాయని నమ్మడానికి లేదు. ఎక్కడ ఆపాలో ముందే వెతికి పెట్టుకోండి. ఆపే చోటు కనిపించకపోతే మొదలుపెట్టకండి, అంతే.

మూడింట్లో నాకు భయం వేసేది డిస్కౌంట్‌ది. లెక్క వేసి చూద్దాం. ఆరు డాయిలీల సెట్ వెయ్యి రూపాయలనుకోండి. దారానికి 150, అల్లినవాళ్ళకి 550, ప్యాకింగ్‌కి 60. కమీషన్ సైట్‌ని బట్టి మారుతుంది, ఎట్సీ అనే హ్యాండ్‌మేడ్ సైట్‌లో అయితే 2022 ఏప్రిల్ నుంచి 6.5 శాతం, అంటే 65 రూపాయలు. పేమెంటు, పోస్టల్ చార్జీలు పక్కన పెడితే మీకు మిగిలేది 175. అదే సెట్‌కి ఆ ఫీచర్ 20 శాతం తగ్గించి 800కి ఇచ్చేసిందంటే కమీషన్ 52కి తగ్గుతుంది గానీ, మొత్తం మీద మీ చేతి నుంచి 12 రూపాయలు పోతాయి. ఒకటి రెండు నెలలు ఇలా జరిగితే ఏమవుతుందో మీకు తెలుసు, అల్లేవాళ్ళ కూలీలో కోత పెట్టాల్సి వస్తుంది. రోజంతా మెడ వంచుకుని దారం, సూది పట్టుకుని కూర్చునే మనుషుల కూలీ అది, ఎక్కడో కూర్చుని చేసే ప్రయోగానికి వాళ్ళు ఎందుకు నష్టపోవాలి? కాబట్టి ఎంత శాతం తగ్గించాలో మీరే పెట్టుకునే వీలుంటేనే అది తీసుకోండి, 10కి మించి పెట్టకండి. ఆ వీలు లేకపోతే వద్దనండి.

ఇక ఫొటోల సంగతి. నేను కూడా లేసు అమ్మినదాన్నే, ఒక సైట్‌లో ఇలాంటి బ్యాక్‌గ్రౌండ్ ఫీచర్ వచ్చిన కొత్తలో సంబరంగా పదకొండు వస్తువులకి పెట్టేశాను. తెల్ల లేసు, వెనకాల తెల్లటి బ్యాక్‌గ్రౌండ్. అంచున ఉండే చిన్న చిన్న దారపు మెలికలన్నీ కోసుకుపోయాయి, మధ్యలో కన్నాలు తెల్లగా పూడిపోయి కాగితం కత్తిరించి పెట్టినట్టు కనిపించింది. కొనేవాళ్ళలో ఒకావిడ "ఇది ప్లాస్టిక్ షీటా?" అని అడిగేదాకా నేను చూసుకోనే లేదు, ఎందుకంటే నా ఫోన్‌లో నాకు పాత ఫొటోలే కనిపిస్తున్నాయి. ప్రయోగాల్లో ఇది మామూలే, కొంతమందికి కొత్తది, కొంతమందికి పాతది చూపిస్తారు. అందుకని లాగిన్ కాని ఇంకో ఫోన్‌లో, కుదిరితే వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల చేత కూడా మీ పేజీ తెరిపించి స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి. లేసుకి మాత్రం ముదురు నీలం గుడ్డ మీద పెట్టి, కిటికీ పక్క వెలుతురులో తీసిన ఫొటోని మించింది లేదు.

వివరణ రాసే ఫీచర్ వాడుకోవచ్చు, ఇంగ్లీషు రాయడం కష్టమైనవాళ్ళకి అది నిజంగా సాయమే. కానీ మెషీన్‌లో ఉతకొచ్చు అని, స్వచ్ఛమైన పత్తి అని తనకి తోచింది రాసేస్తుంది, ఆ మాట నమ్మి కొన్నవాళ్ళు తర్వాత మిమ్మల్నే అడుగుతారు. కొలత, దారం, ఉతికే పద్ధతి, ఈ మూడూ మీ చేత్తో సరిచేయండి. నరసాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతం వాళ్ళ సరుకే అని చెప్పే గుర్తింపు వచ్చింది, ఆ సంగతి దానంతట అది రాయకపోవచ్చు, కాబట్టి ఎక్కడ, ఎవరు, ఎన్ని రోజుల్లో అల్లారో మీరే చేర్చండి. జీఐ లోగో మాత్రం, అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా పెట్టకండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో టెర్రకోట నగలు చేస్తాను. ఒక కొత్త ఫీచర్‌లో చేరాక నెలకి మూడు ఆర్డర్లు ఐదయ్యాయి. ఇక మొత్తం షాపుకి పెట్టేయొచ్చా?

జవాబు: అప్పుడే వద్దండి. మూడు ఐదవడం మంచిదే గానీ, ఆ రెండూ పెళ్ళిళ్ళ సీజన్ వల్ల వచ్చి ఉండొచ్చు, ఒకే స్నేహితురాళ్ళ గుంపు నుంచి వచ్చి ఉండొచ్చు. చిన్న షాపుల్లో ఆర్డర్ల లెక్క ఇలాగే ఊగుతుంది. ఎంతమంది చూశారు, వాళ్ళలో ఎంతమంది ఇష్టాల్లో పెట్టుకున్నారు అన్నది కూడా వారం వారం ఒక నోట్‌బుక్‌లో రాయండి, ఫీచర్ ఉన్న నాలుగు వారాలు, లేని నాలుగు వారాలు. దసరా, దీపావళి రోజులు అందులో కలపకండి.

ఇంకో మాట. ప్రయోగాలు ఆగిపోతాయి. ఎట్సీలో ఒకప్పుడు ప్రోటోటైప్స్ పేరుతో టీములుండేవి, చేరినవాళ్ళ షాపుల్లోనే కొత్తవి పరీక్షించేవాళ్ళు. ప్రయోగ దశ దాటి బయటికి వచ్చినవి కూడా శాశ్వతం కాదు, అదే ఎట్సీ 2014లో అందరికీ తెరిచిన హోల్‌సేల్ విభాగాన్ని 2018లో మూసేసింది. దాన్నే నమ్ముకుని మట్టి, రంగులు అప్పు చేసి కొనకండి.

ప్రశ్న: మాది ఏటికొప్పాక. లక్కబొమ్మలు అమ్ముతాను. సరుకు ఏ పదార్థంతో చేసిందో ఫొటో చూసి తనే రాసే ఫీచర్ ఒకటి వచ్చింది, నా బొమ్మలకి ప్లాస్టిక్ అని పెట్టింది! అభిప్రాయం రాయమని అడుగుతున్నారు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. రాయకపోతే ఏమైనా అవుతుందా?

జవాబు: మీకేమీ అవదు, కానీ దయచేసి రాయండి. లక్క మెరుపు చూసి అది ప్లాస్టిక్ అనుకుంది, మీరు చెప్పకపోతే మీ ఊళ్ళో అందరి బొమ్మలకీ అదే పెడుతుంది. ముందు ఆ మాట తీసేసి అంకుడు కర్ర, లక్క, సహజ రంగులు అని మీరే మార్చండి. ఆ తర్వాత స్క్రీన్‌షాట్ పెట్టి రెండు ముక్కలు రాయండి, "ఇది కర్ర, ప్లాస్టిక్ కాదు. మేం మార్చేదాకా ఇది ఎవరికీ కనిపించకూడదు" అని. బాగుంది, బాగాలేదు అంటే వాళ్ళకి ఏమీ తెలియదు, ఏ బొమ్మకి, ఏ రోజు, ఏం రాసిందో చెప్పాలి. తెలుగులోనే రాసి కాలేజీకి వెళ్ళే పిల్లల చేత ఇంగ్లీషులో పెట్టించండి. వీలైతే తరిణి మీద కర్ర తిరుగుతుండగా లక్క పట్టిస్తున్న పది సెకన్ల వీడియో కూడా జత చేయండి, అది మీ అమ్మకం పేజీలోనూ పనికొస్తుంది.