బెల్గ్రేడ్‌లో గుర్రం మీదున్న రాజు ఎవరు? నిజంగా అంత చేశాడా?

సెర్బియా రాజధాని బెల్గ్రేడ్ ట్రిప్ వెళ్తున్నాం, సెంటర్‌లో గుర్రం విగ్రహం ఎవరిది, అంత గొప్పవాడా అని అడిగారు కదా. నేను రెండేళ్ళు అక్కడ ఉద్యోగం చేశా, తెలిసినంత చెప్తా.

ఆయన ప్రిన్స్ మిహైలో ఒబ్రెనోవిచ్, అప్పట్లో సెర్బియాని ఏలినవాడు. వెళ్ళిన కొత్తలో కొలీగ్ ఒకతను సాయంత్రం "కోడ్ కొన్యా" కలుద్దాం అని మెసేజ్ పెడితే అదేదో హోటల్ అనుకుని మ్యాప్‌లో తెగ వెతికా, తీరా చూస్తే "గుర్రం దగ్గర" అని అర్థమట, ఊళ్ళో సగం మంది కలుసుకునేది అక్కడేనట. వాడు అరగంట లేటు. చలికి వణుకుతూ విగ్రహం చుట్టూ తిరుగుతుంటే దిమ్మ మీద ఊళ్ళ పేర్లు కనిపించాయి, బెల్గ్రేడ్, షాబాట్స్, స్మెడెరెవో, ఇలా మొత్తం ఆరు. టర్కీ సైన్యం చేతిలోంచి ఈయన విడిపించినవి.

మొదటిసారి గద్దెనెక్కినప్పుడు (1839) ఈయనకి పదహారేళ్ళు కూడా నిండలేదు, మూడేళ్ళకే తిరుగుబాటు చేసి దేశం దాటించేశారు. ఆ తర్వాత దాదాపు పదహారేళ్ళు యూరప్ తిరిగి, తండ్రి మిలోష్ పోయాక 1860లో మళ్ళీ రాజయ్యాడు. అప్పటికి సెర్బియా పేరుకి సొంత పాలనే, కానీ బెల్గ్రేడ్ కోటలో టర్కీ ఫిరంగులు ఊరి మీదకే గురిపెట్టి ఉండేవి. 1862లో చుకుర్ చెస్మా అనే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే కుర్రాడితో టర్కీ సైనికులకి గొడవై వాణ్ణి కొట్టారు, అది ఊరంతా పాకింది, రెండ్రోజులకి కోటలోంచి నిజంగానే ఊరి మీద ఫిరంగులు పేల్చారు! దొబ్రాచినా వీధిలో ఆ కుళాయి దగ్గర పగిలిన కూజాతో పిల్లాడి కంచు బొమ్మ ఉంటుంది, చిన్నదే, తప్పకుండా చూడండి, నాకు గుర్రం కన్నా అదే ఎక్కువ గుర్తుండిపోయింది.

నాకు ఈయన నచ్చింది ఇక్కడే. ఆవేశపడి యుద్ధానికి దిగలేదు. రైతులతో సైన్యం కట్టాడు, మాంటెనీగ్రో, గ్రీస్, రొమేనియాలతో ఒప్పందాలు చేసుకున్నాడు, 1866లో టర్కీ కిందున్న క్రీట్ దీవిలో తిరుగుబాటు లేచి టర్కీ సుల్తాన్ చేతులు ఖాళీ లేని టైం చూసి కోటలు అడిగాడు. 1867 ఏప్రిల్‌లో బెల్గ్రేడ్ కోట ముందున్న కలెమెగ్దాన్ మైదానంలో తాళాలు చేతికొచ్చాయి, ఈ బేరంలో తూటా ఒక్కటి పేలలేదు. కాకపోతే ఒక షరతు, కోట మీద సెర్బియా జెండా పక్కనే టర్కీ జెండా కూడా ఎగరాలి. సరే అన్నాడు. పరువు కన్నా పని ముఖ్యం అనుకునే రకం అన్నమాట.

అలాగని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. అసెంబ్లీ మూడేళ్ళకోసారి, అదీ సలహాలకే, పత్రికలు నోరెత్తితే ఊరుకునేవాడు కాదు. పైగా భార్య యూలియాతో విడిపోయి, సొంత కజిన్ అంకా కూతురు కతరీనాని చేసుకుంటానని పట్టుబట్టాడు, వద్దన్న ప్రధాని గరషానిన్‌ని 1867లో తీసేశాడు. ఆ తర్వాత ఏడాది తిరగలేదు, 1868 జూన్ 10న కొషుత్న్యాక్ అడవిలో అంకా, కతరీనాలతో కలిసి వాకింగ్ చేస్తుంటే కాల్చి చంపేశారు. అంకా కూడా చనిపోయింది, కతరీనాకి గాయాలు. ఆయనకి అప్పుడు 44 ఏళ్ళే, గద్దెకి వారసులయ్యే పిల్లల్లేరు, పారిస్‌లో చదువుకుంటున్న చుట్టాలబ్బాయి మిలాన్‌ని పిలిపించి కూర్చోబెట్టారు.

అన్నట్టు విగ్రహానికి టోపీ ఉండదు, శిల్పి పాజ్జి అది పెట్టడం మర్చిపోయి సిగ్గుతో ఆత్మహత్య చేసుకున్నాడని ఎవరో ఒకరు మీకు చెప్తారు. నమ్మకండి, విగ్రహం పెట్టింది 1882లో, పాజ్జి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బతికాడు.