టీవీ రీఛార్జ్ మానేసి, దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్‌కి మారొచ్చా? పాత డిష్ గొడుగు పనికొస్తుందా?

గొడుగు, దాని ముందుండే, సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీ, కేబుల్ బాగుంటే సాధారణంగా పనికొస్తాయి. పాత బాక్స్ మాత్రం పనికిరాదనుకోండి, చాలావరకు అవి ఆ కంపెనీ సిగ్నల్‌కే కట్టుబడి ఉంటాయి. కొత్తది ఒకసారి కొనాలి, తర్వాత నెలనెలా కట్టేదేమీ లేదు. కొనేటప్పుడు ఎంపెగ్-4 (కొత్త రకం వీడియో సిగ్నల్) బాక్సే అడగండి. పాత ఎంపెగ్-2 రకంలో కొన్ని ఛానళ్లు రావు.

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల తూర్పున. అంటే హైదరాబాద్‌లో గొడుగు ఆగ్నేయం వైపు చూడాలి. ఒకరు డాబా మీద, ఒకరు టీవీ ముందు ఉండాలి. అంగుళం జరిపి, నాలుగు సెకన్లు ఆగి, "వచ్చిందా?" అని అరవడమే. టీవీలో సిగ్నల్ క్వాలిటీ గీత పైకి లేచాక నట్లు బిగించండి. నేనైతే తొందరపడి ముందే బిగించి మళ్లీ మెట్లెక్కాను.

అసలు చిక్కు ఛానళ్లతోనే. ప్రైవేటు ఛానళ్లు దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వేలంలో డబ్బు కట్టి ఫ్రీ డిష్‌లో స్లాట్ తీసుకుంటాయి, వాటిలో హిందీవే ఎక్కువ. తెలుగులో డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి ఉంటాయి గానీ, పెద్ద ప్రైవేటు ఛానళ్ల సీరియళ్లన్నీ దొరుకుతాయని ఆశపడొద్దు. ఇంట్లో అమ్మ రాత్రి సీరియల్ వదలదంటే, ముందు ఆవిడతో మాట్లాడాకే రీఛార్జ్ ఆపండి.