ఎస్ టు ఆల్ నొక్కకు తల్లీ

చిన్నీకి, పెదనాన్న ఆశీస్సులు.

ఆదివారం కూర్చుని ఇంట్లో కంప్యూటర్‌లోని చెత్తంతా పీకేస్తానన్నావట. మీ నాన్న ఫోన్‌లో గొప్పగా చెప్పాడు, నాకూ ముచ్చటేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

తెలిసినవి ముందు అనేస్తాను. డెస్క్‌టాప్ మీద బొమ్మ డిలీట్ చేస్తే సాఫ్ట్‌వేర్ పోదు. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్, పేరు పక్కన మూడు చుక్కలు, అన్‌ఇన్‌స్టాల్. అంతే. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దూరి ఫోల్డర్‌నే లేపేశావో, చెవి మెలేస్తాను. తీసేసే ప్రోగ్రామ్ చాలాసార్లు అందులోనే ఉంటుంది. అది పోయిందంటే పేరు మాత్రం జాబితాలో దయ్యంలా వేలాడుతుంది.

2001లో నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో రిపేర్లు చేసేవాణ్ణి. ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు వేసే సేటు దగ్గర్నుంచి పిలుపొచ్చింది, సిస్టమ్ నత్తలా నడుస్తోందని. విండోస్ 98. కుర్రాళ్లు సీడీల్లోంచి ఎక్కించిన ఆటలతో డిస్క్ నిండిపోయింది. ఒక్కోటి తీస్తుంటే ఒక పెట్టె తెరుచుకునేది: ఇది ఉమ్మడి ఫైలు, ఇప్పుడెవరూ వాడుతున్నట్టు లేదు, తీసేయమంటావా? మూడుసార్లు చదివి నో కొట్టాను. నాలుగోసారి విసుగొచ్చి, ఎస్ టు ఆల్. కింద ఇరానీ చాయ్ తాగొచ్చేసరికి సేటు నిలబడి ఉన్నాడు. 'క్యా హువా భాయ్, కార్డు ఖుల్తా నై!' కార్డులు దిద్దే సాఫ్ట్‌వేర్‌కి ఏదో డీఎల్ఎల్, అంటే నేను తీసేసిన ఆ ఉమ్మడి ఫైళ్లలో ఒకటి, దొరకట్లేదట. స్టూల్ మీద పెళ్లికూతురి తండ్రి, చేతిలో నాలుగు మూలలా పసుపు రాసిన ప్రూఫ్. ఆయన తిట్టలేదు. 'ముహూర్తం ఆగదు కదా బాబూ' అన్నాడు, అంతే. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ కోసం రాత్రంతా బండి మీద తిరిగాను. తెల్లారి నాలుగింటికి కార్డు తెరుచుకుంది.

అందుకే చెప్తున్నా. నీ జాబితాలో విజువల్ సీ ప్లస్ ప్లస్ అని 2008, 2010, 2013 అంకెలతో వరసగా కనిపిస్తాయి. అవీ వేరే సాఫ్ట్‌వేర్లు వాడుకునే ఉమ్మడి ఫైళ్ల మూటలే. 'ఒకే పేరు ఇన్నిసార్లెందుకు, పీకెయ్' అంటాడు మీ నాన్న. వినకు. వాటిలో ఏ సాఫ్ట్‌వేర్ దేనిమీద ఆనుకుని బతుకుతోందో పైకి తెలీదు.

పాత యాంటీవైరస్ మామూలుగా పోకపోతే, దాని కంపెనీవాళ్లే తీసేసే టూల్ ఇస్తారు, వాళ్ల సైట్ నుంచే తెచ్చుకో. మిగిలిన తుక్కు యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉంటుంది. వెంటనే తుడిచెయ్యకు, పేరు చివర 'పాత' అని మార్చి వారం ఆగు. ఏదీ మొరాయించకపోతే అప్పుడు తీసెయ్. రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా, దాని జోలికి వెళ్లకు. ఉచితంగా శుభ్రం చేస్తామనే క్లీనర్లు అసలే వద్దు, ఒక చెత్త తీయడానికి ఇంకో చెత్తా?

మొదలుపెట్టే ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకో. కానీ అది సిస్టమ్‌నే వెనక్కి తెస్తుంది, పోయిన ఫోటోలని తేదు. మీ నానమ్మ ఫోటోలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి చిన్నీ, ఇంకెక్కడా లేవు. వాటిని ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు, రెండు తెరిచి చూసుకో, ఆ తర్వాతే మిగతావి ముట్టుకో.

పదింటికి మొదలుపెడతావుగా, ఫోన్ దగ్గరే ఉంటాను. నానమ్మ ఎర్రంచు చీరలో తులసికోట దగ్గర నిలబడిన ఫోటో ఉంది, అది నాకూ పంపు.

పెదనాన్న