ఈ కాలం పిల్లలు ఎదుటివాళ్ల కష్టం పట్టించుకుంటారా? నాకు జరిగింది చెబుతాను

"ఇంటర్ చదివే మా తమ్ముడికి ఫోన్ తప్ప ఇంకో లోకం లేదు. ఈ వయసు పిల్లలు ఎదుటివాళ్ల కష్టం పట్టించుకోవడం మీరెప్పుడైనా చూశారా? ఎక్కడో విన్నది వద్దు, మీకు జరిగింది చెప్పండి" అని అడిగారు. నాకు జరిగినవే చెబుతాను.

ముందు నా సంగతి. నాది పరకాల దగ్గర పల్లె, ఉండేది హన్మకొండలో. చిన్నప్పటి నుంచే నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉంది. మొదట రేచీకటి. పొద్దు గూకితే వాకిట్లో వేసిన మంచం కూడా కనపడక తగిలి పడేవాణ్ని. తర్వాత చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, ఇంటర్ రెండో సంవత్సరానికి బోర్డు మీద అక్షరాలు పోయాయి. ఇప్పుడు వెలుతురుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. ఈ జవాబు కూడా ఫోన్ పైకి చదువుతుంటే వింటూ టైప్ చేస్తున్నాను. రోజుకు నాలుగైదు సార్లయినా ఎవరో ఒకరి సాయం అవసరమయ్యే మనిషిని కాబట్టి, సాయం చేసే చేతుల్లో రకాలు నాకు బాగానే తెలుసు.

2019లో దూరవిద్యలో ఎం.ఏ. హిస్టరీ పరీక్షలు రాశాను. నేను జవాబు చెబుతుంటే కాగితం మీద రాసిపెట్టడానికి ఒకరు కావాలి, వాళ్లను స్క్రైబ్ అంటారు. మనమే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే వాళ్ల చదువు మన పరీక్ష కంటే ఒక మెట్టు కింద ఉండాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్షకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. అంటే నాకు డిగ్రీ చదివే పిల్లలు కావాలి, మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు కూర్చోవాలి. ఒక్కరోజు కాదు, అన్ని పేపర్లకూ. దీనికి ఒప్పుకునే పిల్లలు దొరకడం ఎంత కష్టమో మా బాధ పడినవాళ్లకే తెలుస్తుంది.

వస్తానన్న అబ్బాయి మొదటి పేపరుకు ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, ఇంట్లో పని పడింది, రాలేనన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. పరిచయమున్న ఒక లెక్చరర్ గారు వాళ్ల స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. పదిన్నర దాటాక ఫోన్ మోగింది. "అన్నా, నేను బీఎస్సీ బీజెడ్‌సీ సెకండియర్. నాకు హిస్టరీ రాదు, పర్వాలేదా?" అని ఒక ఆడపిల్ల గొంతు. హిస్టరీ రాకపోవడమే మంచిది తల్లీ, జవాబు నేను చెబుతా, నువ్వు రాస్తే చాలన్నాను. తెల్లారి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బస్సులో వచ్చింది. ఐడీ కార్డు, బోనఫైడ్, ఫొటోలు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని తెచ్చింది.

పరీక్ష మొదలయ్యే ముందు బెంచి మీద ఏదో చిన్న చప్పుడైంది. ఏందమ్మా అంటే, "గాజులు తీసి పెట్టిన అన్నా, రాస్తుంటే చప్పుడైతే మీకు డిస్టర్బ్ అయితది" అంది. నేను అడగలేదు. చెవి తప్ప నాకు వేరే ఆధారం లేదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తనంతట తనే ఆలోచించింది.

ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి చదివి, మార్కులు చెప్పి, ఏది ముందు రాద్దామని అడిగింది. ప్రతి జవాబు అయ్యాక పైకి చదివి వినిపించింది. "మోటుపల్లి అభయ శాసనం" అని చెప్పినప్పుడు ఆగి, మోటుపల్లికి ఏ 'ట' అని అడిగింది. మూడో గంట దాటాక పెన్ను కింద పెట్టి చెయ్యి దులుపుకోవడం వినిపించేది. కాసేపు ఆగుదామంటే వద్దని మళ్లీ పెన్ను తీసేది.

బయటికొచ్చాక ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "అభయం ఎవరికిచ్చిండన్నా గణపతిదేవుడు?" అని. చెప్పాను. అప్పట్లో తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని రాజులు జప్తు చేసుకునేవాళ్లు. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, ఇకమీద అట్లా సరుకు గుంజుకోబోమని, మామూలుగా కట్టాల్సిన సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. ఆ పిల్ల కాసేపు ఏమీ అనలేదు. "మునిగినోని దగ్గర గుంజుకునుడు ఏంది పాపం" అంది. మిగిలిన పేపర్లన్నీ తనే రాసింది. బస్సు చార్జీలు ఇవ్వబోతే వాళ్ల నాన్న తీసుకోలేదు. నేను పాసయ్యాను. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ పనికొచ్చింది.

ఇక రోజూ జరిగేది. హన్మకొండ బస్టాండులో నేను కర్రతో నిలబడితే పెద్దవాళ్లు చాలామంది జాలితో వస్తారు. "అయ్యో, పుట్టుకతోనేనా నాయనా?" అంటూ రెక్క పట్టి గుంజుకుపోతారు. వాళ్లది మంచి మనసే, కాదనను. కానీ గుంజుకుపోయేటప్పుడు ముందు గుంత ఉందో మెట్టు ఉందో నాకు తెలియదు. కాలేజీ పిల్లలు దగ్గరికొచ్చి "ఎటు పోవాలన్నా?" అని అడుగుతారు. ఒకసారి నర్సంపేట బస్సు కోసం నిలబడితే ఒక అబ్బాయి, "నేను పట్టుకోవాల్నా, మీరు పట్టుకుంటరా?" అన్నాడు. ఆ ప్రశ్న విని నిజంగా సంతోషమైంది. వాడి మోచెయ్యి నేను పట్టుకుని అర అడుగు వెనక నడిస్తే, వాడు మెట్టు ఎక్కుతున్నాడా దిగుతున్నాడా అనేది నా చేతికే తెలిసిపోతుంది. బస్సు ఎక్కించి, "నేను పోతున్నా అన్నా" అని చెప్పి మరీ వెళ్లాడు. చెప్పకుండా వెళ్లిపోతే మేము ఖాళీ గాలితో మాట్లాడుతూ నిలబడతాం. ఆ చిన్న మాటకు అంత విలువ ఉంది.

అందరూ ఇట్లాగే ఉంటారని చెప్పను. ఒకసారి చౌరస్తాలో ఒకడు నన్ను రోడ్డు దాటిస్తుంటే, పక్కన వాడి దోస్తు "ఇంకోసారి రా, సరిగ్గా పడలేదు" అన్నాడు. వీడియో తీస్తున్నారని అప్పుడు అర్థమైంది. చాలా బాధపడ్డాను. నన్నొక మాట అడిగి ఉంటే బాగుండేది.

కానీ 2023 జులై 27 మాత్రం మర్చిపోలేను. ఆ వానలు మా వైపు వాళ్లందరికీ గుర్తే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల పైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హన్మకొండలో మా కాలనీలోకీ నీళ్లు వచ్చాయి. తెల్లారేసరికి ఇంట్లో మోకాళ్ల దాకా ఉన్నాయి.

చూపున్నవాళ్లకు వరదంటే నీళ్లు. నాకు అది రెండోసారి చూపు పోవడం. కర్ర నేలకు తగిలితేనే గదా నాకు దారి చెప్పేది. సిమెంటు చప్పుడు వేరు, మట్టి చప్పుడు వేరు, మోరీ మీద బండ చప్పుడు వేరు. నీళ్ల కింద అవన్నీ పోయాయి. పన్నెండేళ్లుగా తిరిగిన గల్లీలో ఎటు అడుగెయ్యాలో తెలియక గడపలోనే నిలబడిపోయాను.

అప్పుడు మా గల్లీ పిల్లలు నలుగురైదుగురు వచ్చారు. సాయంత్రం బండ్ల హారన్లతో గోల చేస్తారని నేను చాలాసార్లు కోప్పడిన పిల్లలే. అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు ఎత్తుకున్నారు, ఆమె ఒళ్లో పట్టాదారు పాసుబుక్కు కవరు. ఒకడు నా దగ్గరికొచ్చి, "బయట నీళ్లు నడుముదాకున్నయ్ అన్నా. భుజం పట్టుకుని నడుస్తవా, ఎత్తుకోమంటవా?" అన్నాడు. నడుస్తానన్నాను. ముందు ఒకడు కర్రతో నేల పొడుస్తూ, వీడు గొంతుతో దారి చెబుతూ నడిపించారు. "ఇక్కడ మోరీ బండ లేసిపోయింది, ఎడమకు జరుగు. ఇంకో మూడడుగులు. ఆగు, ఏదో కొట్టుకొస్తున్నది, పోనీ. ఆ, ఇప్పుడు రా." గల్లీ చివరిదాకా వాడి మాట ఆగలేదు.

ఎత్తున ఉన్న ఒక స్కూల్లో చేర్చారు. అమ్మ పక్కన నన్ను కూర్చోబెట్టి అందరూ వెళ్లిపోయారనుకున్నాను. ఆ అబ్బాయి వెనక్కి వచ్చి నా చెయ్యి తీసుకుని గోడకు ఆనించాడు. "ఈ గోడ పట్టుకుని పోతే నాలుగో తలుపు బాత్రూం అన్నా. మధ్యల ఏం అడ్డం లేవు, నేను చూసిన" అని చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. కొత్తచోట, వందమంది మధ్య, నేను సిగ్గుతో ఎవర్నీ అడగలేని సంగతి అదొక్కటే. పంతొమ్మిదేళ్లు కూడా ఉండవేమో, వాడికెట్లా తట్టిందో.

మీ తమ్ముడి విషయానికొస్తే, నా మాటగా ఒక్కటి చేయండి. ఇంటర్ చదువుతున్నాడు కాబట్టి డిగ్రీ రాసే చూపులేని విద్యార్థికి స్క్రైబ్‌గా కూర్చునే వీలుండొచ్చు. సెమిస్టర్ పరీక్షల ముందు దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో ఎవరికైనా అవసరముందేమో, ఇప్పటి నియమాలు ఏమిటో కనుక్కోమనండి. చేతిరాత అందంగా ఉండక్కర్లేదు, చదవగలిగేలా ఉంటే చాలు. నాలుగు గంటలు ఫోన్ బయట పెట్టి కూర్చోవాలని మాత్రం ముందే చెప్పండి.