టెక్ సందేహాలు: డీపీ మార్చకపోతే ద్రోహినా?

ప్రశ్న: సార్, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద మా కాలేజీలో ఆందోళన నడుస్తోంది. అడక్కుండానే నన్ను మూడు వాట్సాప్ గ్రూపుల్లో చేర్చారు. డీపీ మార్చలేదేమని రోజూ అడుగుతున్నారు. ఇన్‌స్టా తెరిస్తే అవే రీల్స్. ఇందిరా పార్క్ ధర్నాకు వెళ్లాలని నాకే అనిపిస్తోందా, ఫోన్ అనిపించేలా చేస్తోందా? టెన్షన్‌గా ఉంది. (ఒక డిగ్రీ విద్యార్థిని, కాచిగూడ)

జవాబు: గ్రూపుల సంగతి తేలిక. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్. చేర్చింది క్లాస్‌మేట్లే కాబట్టి 'మై కాంటాక్ట్స్' పెడితే లాభం లేదు. 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' ఎంచుకుని ఆ పేర్లు టిక్ చేయండి. ఇకపై మీరు ఒప్పుకుంటేనే చేరతారు. ఇప్పుడున్న గ్రూపులోంచి బయటికొస్తే అడ్మిన్లకే కబురు వెళ్తుంది. కానీ పాత సభ్యుల జాబితాలో మీ పేరు 60 రోజులు ఉంటుంది, వెతికేవాళ్లకు దొరుకుతుంది. అందుకే నేనైతే మ్యూట్ చేసి ఊరుకుంటాను.

ఇక రీల్స్. 'నేను ఒక్క లైక్ కూడా కొట్టలేదు' అనుకుంటున్నారేమో. అక్కర్లేదు. కోపంతోనో భయంతోనో వేలు ఒక్క క్షణం ఆగినా యాప్ దాన్ని ఇష్టం కిందే రాసుకుంటుంది. ఏ పోస్టు ముందు చూపాలో తేల్చే లెక్కలో 2017లో ఫేస్‌బుక్ కోపం ఎమోజీకి లైక్ కంటే 5 రెట్లు విలువ కట్టింది. విమర్శలొచ్చాక తగ్గించుకుంటూ 2020లో సున్నా చేసింది. మీ ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో కంటెంట్ ప్రిఫరెన్సెస్ కింద 'రీసెట్ సజెస్టెడ్ కంటెంట్' ఉంది, నొక్కండి. అయితే మళ్లీ అవే రీల్స్ దగ్గర ఆగితే వారంలో మొదటికొస్తుంది.

డీపీకి మాత్రం సెట్టింగ్ లేదు. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగినప్పుడూ 'వస్తున్నావా?' అని బస్తీలో అడిగేవాళ్లు ఉన్నారు. ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటే ఆ మాట అక్కడితో పోయేది. ఇప్పుడు మాట్లాడకపోవడం కూడా కనిపిస్తుంది: పాత డీపీ, జవాబివ్వని బ్లూ టిక్. పక్కవాడి చూపుకు భయపడి మార్చిన డీపీ మీ అభిప్రాయం ఎలా అవుతుంది? 'ఇంకా ఆలోచిస్తున్నా' అని ఒకసారి రాసి వదిలేయండి.

ఫార్వర్డ్‌లతో జాగ్రత్త. 2025లో కంచ గచ్చిబౌలి భూముల గొడవప్పుడు అసలు ఫొటోలతో పాటు ఏఐ బొమ్మలూ తిరిగాయి, షేర్ చేసినవాళ్లలో కొందరికి పోలీసు నోటీసులు వెళ్లాయి. ఎవరో పంపితే పంపానంటే చెల్లదు.

రెండు రోజులు గ్రూపులు మ్యూట్‌లో పెట్టి, ఇన్‌స్టా తెరవకుండా ఉండి చూడండి. బకాయి రాక సర్టిఫికెట్ ఆగిన స్నేహితురాలెవరైనా ఉంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడండి. అప్పటికీ వెళ్లాలనిపిస్తే వెళ్లండి. లైవ్ లొకేషన్ గ్రూపులో పెట్టకుండా అమ్మకో అక్కకో 8 గంటల పాటు కనిపించేలా పెట్టండి. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు.